సున్నం దగ్గర, సముద్రం దూరం

ఎండబెట్టిన సముద్రపు నాచు ఫ్యాక్టరీ నీటిలోని సీసం, రాగి, కాడ్మియంలను పట్టుకుంటుందన్న సంగతి కొత్తదేమీ కాదు. ప్రయోగశాలల్లో రుజువై నలభై ఏళ్ళు దాటింది. మన విశాఖపట్నంలోనే రుజువై రెండు దశాబ్దాలవుతోంది. మరి మా ఇబ్రహీంపట్నం పక్కనున్న కొండపల్లి పారిశ్రామికవాడలో గానీ, బెజవాడ ఆటోనగర్‌లో గానీ నాచు నింపిన తొట్టి ఒక్కటీ నా కంటబడలేదు. ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరైనదాన్ని. పాఠంలో ఉన్నది వీధిలోకి ఎందుకు రాలేదో తెలుసుకోవాలన్న యావ నాకు మొదట్నించీ ఉంది. ఈ నాచు విషయంలో అలా వెతుక్కుంటూ పోతే కథ చాలా వెనక్కి వెళ్ళింది.

మా ఊరికి నీళ్ళను శుద్ధి చేయడం కొత్త కాదు. థర్మల్ స్టేషన్ రాకముందు, ఇంటింటికీ కుళాయి అన్న మాట పుట్టకముందు, ఫెర్రీ రేవు నుంచి బిందెలతో కృష్ణ నీళ్ళు తెచ్చుకునేవాళ్ళు. ఎండాకాలంలో అద్దంలా ఉండే నీళ్ళు శ్రావణమాసం వచ్చేసరికి బురద కలిసి చిక్కబడేవి. మా నాయనమ్మ కుండ లోపలి గోడకు చిల్లగింజ అరగదీసి, ఆ నీళ్ళు పోసి మూతపెట్టేది. తెల్లారేసరికి బురదంతా అడుగున పేరుకుని పైన తేట నిలిచేది. దాన్నే ఇండుపగింజ అనీ అంటారు. సంస్కృతంలో కతకం. మనుస్మృతిలోనూ, సుశ్రుతుడి వైద్యగ్రంథంలోనూ దాని ప్రస్తావన ఉంది. గింజలోని మాంసకృత్తులూ జిగురు పదార్థాలూ నీటిలో తేలే సన్నటి మట్టి రేణువులను ఒకదానికొకటి అంటగట్టి బరువెక్కిస్తాయి. అవి కిందకు దిగుతాయి. పటిక చేసే పని కూడా దాదాపు అదే. పటిక అంగట్లో చవగ్గా దొరికాక మా ఇంట్లో చిల్లగింజ కనపడలేదు.

అయితే చిల్లగింజ తీసేది నీటిలో తేలే మురికిని. లోహం అలా కాదు. ఉప్పులా కరిగిపోయి, కంటికి కనపడకుండా ఉంటుంది. ఆ లోహాన్ని మురుగులోంచి తీసి బతికినవాళ్ళు కూడా మన ఊళ్ళలో ఉండేవాళ్ళు. వాళ్ళే జలగడుగువాళ్ళు. కంసాలి వీధుల్లో తెల్లవారుజామున తిరిగి, దుకాణాల ముందు ఊడ్చిన దుమ్ము, కుంపటి బూడిద, కాలవలో పేరుకున్న బురద ఎత్తుకుపోయేవాళ్ళు. చెక్క పళ్ళెంలో వేసి కడిగీ కడిగీ, పాదరసంతో బంగారు రవ్వలను పట్టి, పాదరసాన్ని పొగగా పంపేసి, మిగిలిన పూస అమ్ముకునేవాళ్ళు. ఆ పొగ వాళ్ళ ఊపిరితిత్తుల్లోకే పోయేదన్నది వేరే సంగతి. నేను గమనించిందేమిటంటే, వీధి కాలవలోంచి లోహం తీసిన మొదటి వృత్తివాళ్ళు కాలవను శుభ్రం చేయాలని తీయలేదు. ఆ లోహానికి ధర ఉంది కాబట్టి తీశారు. నాచు కథకు తాళంచెవి నాకు ఇక్కడే దొరికిందనిపిస్తుంది.

ఇక సముద్రం సంగతి. మాది పాత కృష్ణా జిల్లా, సముద్రం మాకూ ఉంది. కానీ నాచు లేదు. సముద్రపు నాచుకు వేళ్ళుండవు. పట్టుకుని వేలాడడానికి రాయి కావాలి. మా డెల్టా తీరమంతా నది తెచ్చి పోసిన ఒండ్రు, ఇసక. మంగినపూడి బీచ్‌లో కాలు పెడితే నల్లటి మెత్తటి మట్టి తగులుతుంది, రాయి కాదు. ఎమ్మెస్సీకి వాల్తేరు వెళ్ళినప్పుడు లాసన్స్ బే దగ్గర బండల మీద పచ్చగా, గోధుమరంగుగా పరుచుకున్న నాచులను చూసి నేను ఆశ్చర్యపోయాను. ఆటు దిగగానే బోటనీ పిల్లలు గోనెసంచులూ చిన్న కత్తులూ పట్టుకుని బండల మీదికి దిగేవాళ్ళు. వాళ్ళకి ముందే దారి వేసి ఉంది. ఎం. ఉమామహేశ్వరరావు గారు, టి. శ్రీరాములు గారు కలిసి 1964లో విశాఖ బండల మీది నాచుల మీద రాసిన వ్యాసం విదేశీ పత్రికలో వచ్చింది. ఏ నాచు ఏ మట్టంలో పెరుగుతుంది, ఏ నెలలో ఒత్తుగా ఉంటుంది, ఏ నెలలో మాయమవుతుంది అన్నది అందులో వివరంగా ఉంటుంది. ఉల్వా, పడీనా, సర్గాస్సమ్ పేర్లు నేను మొదట విన్నది ఆ బోటనీ పిల్లల నోటే. మా కెమిస్ట్రీ వాళ్ళకు అప్పట్లో నాచు అంటే అయోడిన్ మాత్రమే.

ఆ అయోడిన్ కూడా యుద్ధం పుణ్యమే. నెపోలియన్ రోజుల్లో తుపాకీమందుకు సురేకారం కావాల్సి వచ్చి, ఫ్రాన్సులో బెర్నార్ కుర్తువా అనే ఆయన నాచు బూడిదతో కుస్తీ పడుతుంటే 1811లో ఊదారంగు ఆవిరి లేచింది. తర్వాత డెబ్బై ఏళ్ళకు బ్రిటిష్ రసాయనవేత్త ఎడ్వర్డ్ స్టాన్‌ఫర్డ్ అదే నాచులోంచి ఇంకో పదార్థం బయటికి తీశాడు. దాని పేరు ఆల్జినిక్ ఆమ్లం. ఐస్‌క్రీముకు చిక్కదనం, బట్టల అద్దకంలో రంగుకు జిగురు, పళ్ళ డాక్టరు అచ్చు తీసే ముద్ద, అన్నిటిలోనూ అదే. లోహాన్ని పట్టేది కూడా అదే.

ఎలా పడుతుందో చెప్తాను. గోధుమరంగు నాచుల గోడల్లో ఈ ఆల్జినిక్ ఆమ్లం పొడవాటి గొలుసుల్లా ఉంటుంది. రెండు గొలుసులు పక్కపక్కన చేరితే మధ్యలో వరసగా గుంతలు ఏర్పడతాయి. కోడిగుడ్ల అట్టలో గుడ్లు కూర్చున్నట్టు ఆ గుంతల్లో లోహపు అయాన్లు కూర్చుంటాయి. ఈ పోలిక నాది కాదు, 1973లో దీన్ని వివరించిన శాస్త్రవేత్తలే దానికి గుడ్లపెట్టె నమూనా అని పేరు పెట్టారు. సముద్రంలో ఉన్నప్పుడు ఆ గుంతల్లో కాల్షియం, మెగ్నీషియం, సోడియం ఉంటాయి. సీసమో రాగో ఉన్న నీరు తగిలితే అవి లేచి చోటిస్తాయి. ఇందులో ప్రాణంతో పనే లేదు. నాచు చచ్చి, ఎండి, పొడి అయినా గుంతలు గుంతలుగానే ఉంటాయి. దానికి తిండి పెట్టక్కర్లేదు, విషపు నీళ్ళు దాన్ని చంపేదీ లేదు. తర్వాత పలచటి ఆమ్లంతో కడిగితే లోహం ఊడి చిన్న పాత్రలోకి చిక్కగా వస్తుంది. నాచును మళ్ళీ వాడుకోవచ్చు.

దీన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టిన పేరు బొహుమిల్ వోలెస్కీ. కెనడాలో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో 1980లలో సర్గాస్సమ్ నాచు మీద బంగారం, ఆస్కోఫిల్లమ్ అనే ఉత్తర అట్లాంటిక్ నాచు మీద కోబాల్టు పట్టించి చూశారు ఆయనా, ఆయన విద్యార్థులూ. 1993లో వాళ్ళు అచ్చేసిన లెక్కల్లో ఆ ఆస్కోఫిల్లమ్ గ్రాముకు 100 మిల్లీగ్రాములకు పైగా కాడ్మియం పట్టింది. అంటే తన బరువులో పదో వంతు మించి. అప్పటికి ప్రపంచం లోహపు నీళ్ళంటే హడలిపోయి ఉంది. జపాన్‌లో మినమాట పాదరసపు రోగం 1956లో బయటపడింది. జింజు నది పక్కన కాడ్మియంతో ఎముకలు పొడైన ఆడవాళ్ళ రోగాన్ని 1968లో ఆ ప్రభుత్వం ఒప్పుకుంది. మన దేశంలో నీటి కాలుష్య చట్టం 1974లో వచ్చింది. ఆ తర్వాత వచ్చిన నిబంధనల ప్రకారం కాలవలోకి వదిలే నీటిలో లీటరుకు నికెల్ 3 మిల్లీగ్రాములు, సీసం 0.1, ఆరు వేలెన్సీల క్రోమియం 0.1 మించకూడదు.

విశాఖలో ఈ పని ఎందుకు మొదలైందని అడిగితే, నేనైతే మింది వైపు చూపిస్తాను. 1977 నుంచి 2012 దాకా అక్కడ హిందుస్థాన్ జింక్ వాళ్ళ కొలిమి నడిచింది. జింకు, సీసం కరిగించే ఊరికి, బండల మీద ఉచితంగా నాచు పెరిగే ఊరికి మధ్య సిటీ బస్సు ప్రయాణమంత దూరం. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కాలేజీలో కెమికల్ ఇంజినీరింగ్ వాళ్ళు, వై. ప్రసన్నకుమార్, పి. కింగ్, వి.ఎస్.ఆర్.కె. ప్రసాద్, ఉల్వా ఫాసియేటా అనే పచ్చ నాచును ఎండబెట్టి పొడిచేసి రాగి మీద ప్రయోగించారు. 2006లో అచ్చయింది. గ్రాము నాచు పాతిక మిల్లీగ్రాములకు కాస్త పైన రాగి పట్టింది. తర్వాత జింకు మీద రాశారు. పచ్చ నాచులో ఆల్జినిక్ ఆమ్లం ఉండదు కాబట్టి గోధుమరంగు వాటితో పోలిస్తే ఇది తక్కువే, అయినా తీసిపారేసేది కాదు. నన్ను ఎక్కువ ఆకట్టుకుంది మాత్రం వాళ్ళు చేసిన ఇంకో పని. అదే పనికి టేకాకు పొడి వాడి చూశారు, నేరేడు ఆకు పొడితో సీసం తీసి చూశారు. సముద్రం లేని చోట ఏం చేయాలన్న ఆలోచన వాళ్ళకు అప్పుడే వచ్చి ఉంటుందని నా అనుమానం.

రిటైరయ్యాక నేను కొన్నాళ్ళు చిన్న చిన్న పూత షెడ్లవాళ్ళకు నీటి పరీక్షలు చేసిపెట్టాను. వాటిలో ఒక షెడ్డు సంగతి ఇది, పేరు చెప్పను. స్కూటరు విడిభాగాలకూ కుళాయి తలలకూ నికెల్, దాని మీద క్రోమియం పూత వేసేవాళ్ళు. పూత తొట్లోంచి తీసిన వస్తువును మూడు నీళ్ళలో ముంచుతారు. ఆ కడుగునీళ్ళే సమస్య. నికెల్ వైపు లేతాకుపచ్చ, క్రోమియం వైపు నిమ్మపండు పసుపు. పసుపు నీళ్ళలో కాస్త ఆమ్లం పోసి అన్నభేది వేస్తే రంగు మారుతుంది, అప్పుడు సున్నం కలిపితే మడ్డి దిగుతుంది. నికెల్‌కైతే నేరుగా సున్నమే. ఇది షెడ్డు ఓనరు తండ్రి కాలం నుంచీ చేస్తున్న పని. సున్నం బస్తా పిడుగురాళ్ళ నుంచి తెల్లారేసరికి గుమ్మంలో ఉంటుంది.

విశాఖలో ఉన్న నా పాత విద్యార్థిని ఒకమ్మాయి సర్గాస్సమ్ ఎండబెట్టి సంచీలో పంపింది. ప్లాస్టిక్ పైపు ముక్కకు అడుగున గుడ్డ కట్టి, నాచు నింపి, నికెల్ కడుగునీళ్ళు పైనుంచి వదిలాం. మొదట్లో బాగానే దిగాయి. గంట గడిచేసరికి నాచు ఉబ్బిపోయి పైపు బిగుసుకుంది, చుక్క కిందికి దిగదు. దిగిన నీళ్ళు కాఫీ డికాషన్ రంగులో ఉన్నాయి. షెడ్డు ఓనరు నవ్వలేదు గానీ, "టీచరు గారూ, లోనికి పోయినవి పచ్చనీళ్ళు, బయటికొచ్చినవి ఎర్రనీళ్ళు, దీన్ని ఆఫీసరుకి చూపిస్తే ఏమంటాడండీ?" అన్నాడు. ముందుగా కాల్షియం ద్రావణంలోనో ఫార్మాల్డిహైడ్‌లోనో నానబెట్టి గొలుసులను బిగించుకుంటే ఉబ్బు, రంగు తగ్గుతాయని పుస్తకాల్లో ఉంది. చేశాం, తగ్గాయి. ఈసారి సున్నంతో మడ్డి దింపాక మిగిలిన నీళ్ళు పోశాం, దిగాయి. కానీ నికెల్ అనుకున్నంత ఆగలేదు.

కారణం నార్వేవాళ్ళు ఎప్పుడో చెప్పేశారు. ఆర్నె హౌగ్ 1960ల మొదట్లోనే ఆల్జినిక్ ఆమ్లానికి ఏ లోహమంటే ఎంత ఇష్టమో వరస తేల్చాడు. సీసం అన్నిటికన్నా ముందు, తర్వాత రాగి, కాడ్మియం. కాల్షియం నడిమధ్యన ఉంటుంది. నికెల్, జింకు దానికి వెనక. మా వైపు బోరు నీళ్ళు అసలే ఉప్పనివి, కాల్షియం మెండు. పైగా సున్నం పోసిన నీళ్ళంటే కాల్షియం నీళ్ళే. సున్నం దింపలేక మిగిల్చిన, లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల నికెల్‌ను నాచుతో పట్టిద్దామనుకుంటే, గుంతలన్నీ కాల్షియమే కాజేసింది. ప్రయోగశాలలో స్వేదనజలంలో నికెల్ ఉప్పు కలిపి చేసే లెక్కకూ, షెడ్డులో దొరికే నీళ్ళకూ తేడా ఇదే. సీసం బ్యాటరీలు విప్పే షెడ్డయితే కథ వేరుగా ఉండేది.

ఇందులో ఇంకో మాట కూడా ఉంది, రసాయనానికి సంబంధం లేనిది. డెల్టాకు అటు పల్నాడు, ఇటు జగ్గయ్యపేట. రెండు వైపులా సున్నపురాయే. పిడుగురాళ్ళలో బట్టీలు, జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. మా రింగ్ సెంటర్లో నిలబడితే హైదరాబాదు రోడ్డున సిమెంటు లారీలు ఎడతెగవు. ఇంత సున్నం ఒడిలో పెట్టుకున్న నేలకు నీటి శుద్ధి అంటే సున్నమే గుర్తొస్తుంది, తప్పు పట్టలేం. నాచుకైతే రామేశ్వరం, మండపం వైపు చూడాలి. అక్కడ ఆడవాళ్ళు నీళ్ళలోకి మునిగి సర్గాస్సమ్, టర్బినేరియా కోసుకొచ్చి ఆల్జినేటు ఫ్యాక్టరీలకు అమ్ముతారు. ఆ ఫ్యాక్టరీలకే చాలని సరుకు మన మురుగు తొట్టికి ఏ ధరకు వస్తుంది? నాచు మా డెల్టాకు రాకపోలేదు, వచ్చింది. సాగరిక పేరుతో సీసాల్లో, వరి చేలకూ మిరపతోటలకూ పిచికారీ మందుగా. ఎరువుల కొట్లో ఎవరినడిగినా తీసిస్తారు. ధర ఇచ్చే చోటికే వెళ్ళింది.

మరి మా ఊరి పెద్దాయన సంగతేమిటని అడిగేవాళ్ళున్నారు. అంటే థర్మల్. 1979లో మొదటి యూనిట్ వెలిగింది, ఇప్పుడు నార్ల తాతారావు గారి పేరుంది. బూడిద నీళ్ళలో కూడా లోహాలుంటాయి, నాచు పెట్టొచ్చు కదా అని. పెట్టలేం. అక్కడ నీటి పరిమాణం వేరు, లోహం జాడ మాత్రంగా ఉంటుంది, ఆర్సెనిక్‌లాంటివి ఆమ్లపు గుంతలకు లొంగే రకం కాదు. ఎండు నాచు చిక్కగా, కొద్దిగా, విలువగా ఉన్న నీళ్ళకే సరిపోతుంది.

కొద్దిగా, విలువగా అనుకోగానే నా మనసు బందరు వెళ్ళింది. చిలకలపూడి కవరింగు నగలు తెలియని తెలుగు ఆడవాళ్ళుండరు. రాగి, ఇత్తడి మీద పలచటి బంగారు పూత. ఇంటి వసారాలోనే తొట్లు, ఇంటిల్లిపాదీ పని. కడుగునీళ్ళలో బంగారం, రాగి రెండూ పోతాయి. జలగడుగువాళ్ళ చూపుతో చూస్తే అది పారబోయాల్సిన నీరు కాదు. వోలెస్కీ వాళ్ళ సర్గాస్సమ్ అన్ని లోహాల్లోకీ బంగారాన్నే ఎక్కువ పట్టిందన్నది గుర్తుంది. పట్టిన నాచును ఆమ్లంతో కడగక్కర్లేదు కూడా. కాల్చేస్తే బూడిదలో బంగారం మిగులుతుంది. ఈ ఉత్సాహంతోనే బంధువుల పెళ్ళికి బందరు వెళ్ళినప్పుడు, పూత పని చేసే ఒక పెద్దాయన వసారాలో కూర్చున్నాను.

అక్కడ తేలిందేమిటంటే, వోలెస్కీ నాచు పట్టింది క్లోరైడ్ నీళ్ళలోని బంగారాన్ని. చిలకలపూడి తొట్లో ఉండేది సైనైడ్ బంగారం. దానికి రుణావేశం, నాచు గుంతలకూ రుణావేశమే, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఈ చిక్కు మాంట్రియల్ వాళ్ళకూ తెలుసు. 1999లో సైనైడ్ బంగారం మీద రాసిన వ్యాసంలో సర్గాస్సమ్ వెనకబడింది, వాళ్ళ తర్వాతి పనిలో ఆమ్లంతో కడిగిన పీత డిప్పలు ముందుకొచ్చాయి. మద్రాసులో అన్నా విశ్వవిద్యాలయంవాళ్ళు కూడా 2000ల నడుమ పీత డిప్పలతోనే నికెల్, రాగి తీసి చూపించారు. పీత డిప్ప, రొయ్య పెంకు, ఇవి మా డెల్టాలో కొనాల్సినవి కావు. గిలకలదిండి రేవు బందరులోనే ఉంది. కైకలూరు నుంచి భీమవరం దాకా రొయ్యల ఫ్యాక్టరీల్లో తలలూ పెంకులూ గుట్టలు పడతాయి. అంటే నాచు కోసం విశాఖ దాకా పోయి నేను వెతికింది మా గుమ్మం ముందే ఉందన్నమాట.

పెద్దాయనకు ఇదంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "పీత డిప్పలకేం కొదవమ్మా, మా చిన్నోడు సాయంత్రానికి బస్తా తెస్తాడు. తర్వాత ఏం చేయాలి?" అన్నాడు. తర్వాతదే కష్టం. డిప్ప బంగారాన్ని పట్టాలంటే నీళ్ళలో కాస్త ఆమ్లం కలపాలి. సైనైడ్ నీళ్ళలో ఆమ్లం కలిపితే లేచే గాలి మనిషిని నిమిషాల్లో చంపుతుంది. మూత బిగించిన పాత్ర, గాలిని పీల్చి క్షారంలో కరిగించే ఏర్పాటు, అది తెలిసిన మనిషి ఉంటేనే ఆ పని చేయాలి. వసారాలో చేసేది కాదు. ఆ మాటా ఆయనకు చెప్పాను.

"అయితే వద్దులే తల్లీ. ఇక్కడే పిల్లలు పడుకుంటారు" అని ఆయన మళ్ళీ తన తొట్టి వైపు తిరిగాడు.